పెళ్లయ్యాక ‘నేను గే’ అని తెలిస్తే: విడిపోయే దారుల్లో ఏది ఎవరికి?

మా చెల్లెలికి ఆ సంగతి తెలిసింది ఒక ఆదివారం పొద్దున, ఉగ్గాని తింటుండగా. పెళ్లయి అప్పటికి పద్నాలుగు నెలలు. మా మరిదికి బెంగళూరులో ఉద్యోగం, కాపురం అనంతపురంలో. ప్లేటులో సగం వదిలేసి, తల ఎత్తకుండా, “నాకు ఆడవాళ్ల మీద అలాంటి ఇష్టం ఎప్పుడూ కలగలేదు. తప్పు నీది కాదు” అన్నాడట. ఆమె లేచి వంటింట్లోకి వెళ్లి స్టవ్ ఆపి ఉందో లేదో చూసి వచ్చిందట. అంతకుముందే ఆపింది తనే.

ఆ ఆదివారానికి, చేతికి విడాకుల డిక్రీ, అంటే కోర్టు తుది ఉత్తర్వు, రావడానికి మధ్య రెండేళ్ల తొమ్మిది నెలలు గడిచాయి. సరైన దారిలో వెళ్లి ఉంటే ఏడాదిన్నరలో తేలిపోయేది. మిగతా కాలమంతా కోపంలో ఎంచుకున్న దారికి మేము కట్టిన వడ్డీ. నేను లాయరును కాను. చెల్లెలి కాగితాల సంచి మోసి, కడప కోర్టు వరండాలో వాయిదా తర్వాత వాయిదా కూర్చున్న అక్కను. ఆ తర్వాత ఇదే చిక్కులో ఉన్నవాళ్లు ఒకరి ద్వారా ఒకరు వచ్చి అడగడం మొదలుపెట్టారు. అనంతపురం నుంచి ఇద్దరు, కర్నూలు నుంచి భార్య లెస్బియన్ అని తెలిసిన ఒక భర్త. వాళ్లందరితో మాట్లాడాక నాకు ఒక సంగతి గట్టిగా అర్థమైంది. ఇలాంటి కేసుల్లో చేదు పుట్టేది ఆ సంగతి తెలియడం వల్ల కాదు, దాన్ని కోర్టులో రుజువు చేయాల్సి రావడం వల్ల. అందుకే కింద ఉన్న ఆరు దారులనూ ఆ కొలతతోనే పోల్చాను.

ముందు ఒక మాట: ‘నయం చేయించడం’ దారి కాదు

ఇంట్లో మొదట వినిపించే సలహా ఇదే. మంచి డాక్టరుకు చూపిద్దాం, ఫలానా ఊళ్లో పసరు మందు ఇస్తారట, ఒక బిడ్డ పుడితే అదే సర్దుకుంటుంది. మా ఇంట్లో ఈ మూడూ వచ్చాయి, అది కూడా ఒకే రాత్రి. అమెరికా మనోరోగ వైద్యుల సంఘం 1973లోనే స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితా నుంచి తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న తీసేసింది. దీన్ని మార్చేస్తామని చికిత్స చేయడం వైద్యవృత్తికి విరుద్ధమైన తప్పు అని 2022లో మన జాతీయ వైద్య కమిషన్ రాష్ట్రాల మెడికల్ కౌన్సిళ్లకు రాసింది. కాబట్టి మందు ఇస్తానన్న మనిషి దగ్గర పోయేది డబ్బు ఒక్కటే కాదు, ఒక ఏడాది కూడా. చట్టంలో ఆ ఏడాది ఎంత విలువైనదో వివాహ రద్దు దగ్గర చెబుతాను.

బిడ్డ సంగతి వేరే చెప్పక్కర్లేదు. విడిపోవడం ఖాయమైన ఇంట్లోకి ఒక పసిప్రాణాన్ని మధ్యవర్తిగా పంపకండి.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటి ప్రశ్న, మీరు ఏమి రుజువు చేయాల్సి వస్తుంది? రెండోది, ఆ క్రమంలో ఎంతమందికి తెలుస్తుంది? మూడోది, ఎన్నాళ్లు పడుతుంది? నాలుగోది, పిల్లలుంటే వాళ్లు ఎవరి దగ్గర, ఎవరి ఖర్చుతో పెరుగుతారు? ఐదోది నగలు, సారె, భరణం. ఆరోది, మళ్లీ పెళ్లి చేసుకునే స్వేచ్ఛ ఎప్పుడు వస్తుంది?

మా నాన్న వీటిలో ఒక్కటీ అడగలేదు. ఆయన అడిగింది “వాడికి బుద్ధి చెప్పేది ఏ సెక్షన్?” అని. లాయరు దానికే సమాధానం చెప్పాడు.

కింది పట్టిక హిందూ వివాహ చట్టం, 1955 ప్రకారం జరిగిన పెళ్లిళ్లకు.

| దారి | రుజువు చేయాల్సింది | కాలం | గుట్టు నిలుస్తుందా | మళ్లీ పెళ్లి |
|---|---|---|---|---|
| పెద్దమనుషుల కాగితం | ఏమీ లేదు | కొన్ని రోజులు | నిలవదు | చెల్లదు |
| పరస్పర అంగీకార విడాకులు | ఏడాదిగా విడిగా ఉన్నామని, కలిసి బతకలేమని | విడిగా ఏడాది, ఆపై 6 నుంచి 18 నెలలు | అన్నిటికంటే బాగా | డిక్రీ వచ్చాక |
| వివాహ రద్దు | పెళ్లికి ముందే తెలిసి దాచారని, లేదా నపుంసకత్వం వల్ల కాపురమే జరగలేదని | వివాదం నడిచినంత | కష్టం | అప్పీలు గడువు తీరాక |
| క్రూరత్వం కింద విడాకులు | ఎదుటివారి ప్రవర్తన | వివాదం నడిచినంత | కష్టం | అప్పీలు గడువు తీరాక |
| జుడీషియల్ సెపరేషన్ | విడాకులకు కావాల్సిన కారణాలే | వివాదం నడిచినంత | కొంత | ఉండదు |
| విడిపోకుండా ఉండటం | ఏమీ లేదు | మీ ఇష్టం | మీ చేతిలో | ఉండదు |

పెద్దమనుషుల కాగితం

మన వైపు దాదాపు ప్రతి కథా ఇక్కడే మొదలవుతుంది. రెండు వైపుల నుంచి నలుగురేసి పెద్దలు, మధ్యలో ఒక మాజీ సర్పంచో, రాజకీయ నాయకుడో. సాయంత్రానికి వంద రూపాయల స్టాంపు కాగితం మీద “ఇకపై ఒకరితో ఒకరికి సంబంధం లేదు” అని రాసి, సంతకాలు, వేలిముద్రలు. ఆ కాగితంతో పెళ్లి రద్దు కాదు. కులాచారం ప్రకారం విడాకులను చట్టం గుర్తించే మాట నిజమే గానీ, అలాంటి ఆచారం మీ కులంలో తరతరాలుగా ఉందని రుజువు చేయాలి. అది చేయలేనివాళ్లు ఆ కాగితం నమ్మి ఇంకో పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు. పైగా అది ఏడేళ్ల దాకా జైలు పడే నేరం. అంతకంటే పెద్ద చిక్కు ఏమిటంటే, గదిలో ఉన్న పదిమందికీ అసలు కారణం చెప్పాల్సి వస్తుంది. వాళ్లలో ఇద్దరు ఇంటికి వెళ్లేలోపే అది ఊరికి తెలుస్తుంది.

అయితే పంచాయితీ పూర్తిగా పనికిరానిదని అనను. సామాను, నగలు, డబ్బు లెక్క తేల్చడానికి మన పెద్దలకున్న ఓపిక ఏ కోర్టుకూ లేదు. ఆ లెక్క వరకు వాళ్లను వాడుకోండి. కారణం అడిగితే “ఇద్దరికీ కుదరలేదు” అనే మాట చాలు. గట్టిగా అడిగేవాళ్లు ఉంటారు, ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వాల్సిన బాధ్యత మీకు లేదు.

పరస్పర అంగీకార విడాకులు

నన్ను అడిగితే, ఇద్దరూ ఒక గదిలో పది నిమిషాలు అరుచుకోకుండా కూర్చోగలిగితే ఇదే దారి. సెక్షన్ 13బి కింద ఇద్దరూ కలిసి పిటిషన్ వేస్తారు. కారణం రాయక్కర్లేదు. ఏడాది నుంచి విడిగా ఉంటున్నాం, కలిసి బతకలేకపోతున్నాం, విడిపోవడానికి ఒప్పుకున్నాం, అంతే. ‘గే’ అనే మాట ఏ కాగితంలోనూ ఉండదు. మా చెల్లెలి మొదటి పిటిషన్‌లో ఆ విషయం తొమ్మిది పేజీలు ఉంది. చివరి పిటిషన్ మొత్తం నాలుగు పేజీలు, అందులో రెండు పేజీలు సామాను జాబితా.

‘విడిగా’ అంటే వేరే ఊళ్లో అనే అర్థం లేదు. ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తల్లా కాపురం చేయకపోతే అది విడిగా ఉన్నట్టే అని సుప్రీంకోర్టు 1991లోనే సురేష్ఠాదేవి కేసులో చెప్పింది. ఇలాంటి జంటల్లో చాలామందికి ఆ ఏడాది ఎప్పుడో గడిచిపోయి ఉంటుంది.

మొదటి పిటిషన్ తర్వాత ఆరు నెలలు ఆగి, పద్దెనిమిది నెలలలోపు రెండోసారి వచ్చి ‘మా నిర్ణయం అదే’ అని చెప్పాలి. ఈ ఆరు నెలలు తప్పనిసరి కాదని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అంది. పిటిషన్ వేసే నాటికే ఏడాదిన్నర విడిగా ఉండి, రాజీ ప్రయత్నాలు విఫలమై, భరణం, పిల్లల సంగతి తేలిపోయి ఉంటే, ఆ గడువు మాఫీ చేయమని మొదటి పిటిషన్ వేసిన వారం తర్వాత అడగవచ్చు. మాఫీ చేయాలా వద్దా అన్నది జడ్జి ఇష్టం. మాకు చేశారు.

ఇందులోనూ ఒక లొసుగు ఉంది. డిక్రీ వచ్చే దాకా ఎవరైనా అంగీకారం వెనక్కు తీసుకోవచ్చు. అందుకే డబ్బంతా మొదటి రోజే ఇచ్చేవాళ్లు మోసపోతారు, చివరిలో ఇస్తామంటే నమ్మేవాళ్లూ మోసపోతారు. సగం మొదటి పిటిషన్ రోజు, సగం రెండో హాజరు రోజు, రెండూ డిమాండ్ డ్రాఫ్టులుగా, జడ్జి ముందు. కిస్తీలకు ఒప్పుకోకండి. విడాకుల తర్వాత ప్రతి నెలా ఒకటో తేదీన ఫోను చేసి అడగడం కూడా ఒక రకం కాపురమే.

వివాహ రద్దు

మా నాన్న ఎంచుకున్నది ఇది. ఆయన ఆలోచన తప్పు కాదు. “మా అమ్మాయి విడాకులు తీసుకున్నది కాదు, ఆ పెళ్లే పెళ్లి కాదు” అని చెప్పుకోగలగడం మన సమాజంలో చిన్న విషయం కాదు. సెక్షన్ 12 కింద రెండు కారణాలు ఇక్కడికి సరిపోతాయి. ఒకటి, ఎదుటివారి నపుంసకత్వం వల్ల కాపురం జరగలేదని. రెండోది, పెళ్లికి ఒప్పించడంలో ఎదుటివారికి సంబంధించిన ముఖ్యమైన విషయంలో మోసం జరిగిందని.

మోసం కారణం మీద వేయాలంటే, ఆ మోసం తెలిసిన ఏడాదిలోపే కోర్టుకు వెళ్లాలి. తెలిసిన తర్వాత కూడా ఇష్టపూర్వకంగా కాపురం చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఇందాక మందులు, మొక్కుల గురించి చెప్పింది ఇందుకే. ‘చూద్దాం, సర్దుకుంటాడేమో’ అని ఏడాది గడిపిన చాలామంది తెలియకుండానే ఈ దారిని తమ చేతులతోనే మూసేసుకుంటారు.

ఇక రుజువు. అతను గే అని చూపిస్తే చాలదు. పెళ్లినాటికే అతనికి తెలుసని, తెలిసి దాచాడని చూపించాలి. హిందూ వివాహ చట్టంలో స్వలింగ ఆకర్షణ అనే మాట ఎక్కడా లేదు. దాన్ని దాచడం ‘ముఖ్యమైన విషయంలో మోసం’ కిందికి వస్తుందా రాదా అన్నది ఆ కేసులో ఉన్న సాక్ష్యాన్ని బట్టి జడ్జి తేలుస్తారు. ఇరవై ఏడేళ్ల అబ్బాయి తనలో తాను ఎప్పుడు ఒప్పుకున్నాడు, ఎప్పటిదాకా పెళ్లయితే మారిపోతానని నమ్మాడు, దీన్ని ఏ సాక్షి చెబుతాడు? మా మరిది ఆదివారం చెప్పిన మాటను తన కౌంటర్‌లో, అంటే కోర్టుకు రాసిచ్చిన జవాబులో, అసలు ఒప్పుకోలేదు. “నా భార్య నా మీద నింద వేస్తోంది” అని రాయించాడు. అలా రాయకపోతే మోసం చేసినట్టు ఒప్పుకున్నట్టవుతుంది. ఇంట్లో నిజం చెప్పిన మనిషి చేత కోర్టులో అబద్ధం ఆడించింది మేము ఎంచుకున్న సెక్షన్. ఈ మాట మా నాన్న ఇప్పటికీ ఒప్పుకోరు.

కాపురం జరగలేదన్న కారణం మీద వెళ్తే వైద్య పరీక్షకు ఆదేశించే అధికారం కోర్టుకు ఉంది. మీ అమ్మాయికి కూడా పరీక్ష చేయించాలని అవతలివాళ్లు అడిగే అవకాశం ఉంటుంది. అమ్మాయిని ఒకసారి ఒంటరిగా కూర్చోబెట్టి, దానికి సిద్ధమేనా అని అడిగాకే ముందుకు వెళ్లండి.

ఇన్ని చెప్పినా, ఈ దారి సరిపోయేవాళ్లు ఉన్నారు. పెళ్లయి కొన్ని వారాలే అయింది, కాపురం జరగలేదు, పెళ్లికి ముందు నాటి ఉత్తరమో, స్నేహితుడికి పంపిన సందేశమో స్పష్టంగా చేతిలో ఉంది, ఎదుటివారు గట్టిగా ఎదిరించరు. ఇవన్నీ ఉంటే వేయవచ్చు. పైగా విడాకులకు పెళ్లయి ఏడాది దాటాలన్న నియమం దీనికి లేదు. బిడ్డ పుట్టాక పెళ్లి రద్దయినా ఆ బిడ్డ చట్టబద్ధ సంతానమే, సెక్షన్ 16 ఆ భయం తీరుస్తుంది.

క్రూరత్వం కింద వివాదం

ఎదుటివారు విడాకులకు ఒప్పుకోనప్పుడు మిగిలేది ఇది. గే కావడం దానంతట అది క్రూరత్వం కాదు. ఏళ్ల తరబడి దగ్గరకు రాకపోవడం, రహస్యంగా ఇంకో సంబంధం నడపడం, అడిగితే అవమానించడం, పిల్లలు లేకపోవడానికి భార్యే కారణమని ఊరంతా చెప్పుకోనివ్వడం, వీటిని చూపించాలి. కారణం లేకుండా చాలా కాలం దాంపత్య సంబంధం నిరాకరించడం మానసిక క్రూరత్వం కావచ్చని 2007లో సమర్ ఘోష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి, వీలైతే ‘గే’ అనే మాట జోలికి పోకుండా నిరాకరణ మీదే కేసు కట్టమని లాయరును అడగండి. రుజువు చేయాల్సిన బరువు సగం తగ్గుతుంది.

ఎందుకంటే ఆ మాట రెండు వైపులా కోస్తుంది. రుజువు లేకుండా పిటిషన్‌లో నీచమైన నిందలు వేయడం, అబద్ధపు ఫిర్యాదులు ఇవ్వడం కూడా మానసిక క్రూరత్వమే అని 2013లో కె.శ్రీనివాసరావు, డి.ఎ.దీప కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీరు వేసిన నింద నిలవకపోతే అది మీ మీదే కారణం అవుతుంది. మా నాన్న కట్నం వేధింపుల ఫిర్యాదు కూడా ఇచ్చారు. కట్నం ఇచ్చిన మాట నిజం, వేధించిన మాట నిజం కాదు. రాజీ కుదిరాక కూడా ఆ ఫిర్యాదు కొట్టేయించుకోవడానికి హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది, ఆ ఖర్చు భరించింది మేమే. నిజంగా వేధింపు ఉంటే మాత్రం వెనకాడకండి. గృహహింస చట్టం కింద ఇంట్లో ఉండే హక్కు, రక్షణ ఉత్తర్వులు వేరుగా అడగవచ్చు.

‘పెళ్లి పూర్తిగా విరిగిపోయింది కాబట్టి విడాకులు ఇవ్వండి’ అని మన జిల్లా కోర్టులో అడగలేరు. ఆ అధికారం రాజ్యాంగం 142వ అధికరణం కింద సుప్రీంకోర్టుకే ఉందని 2023లో శిల్పా శైలేష్ తీర్పులో స్పష్టమైంది.

ఫోను సాక్ష్యం గురించి

భార్యాభర్తల సంభాషణను రహస్యంగా రికార్డు చేసినా వైవాహిక కేసుల్లో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటి నుంచి నాతో మాట్లాడినవాళ్లందరూ “అక్కా, ఫోను తెరిచి స్క్రీన్‌షాట్లు తీశాను” అనే మొదలుపెడుతున్నారు. కోర్టులో ఇవ్వడం వేరు, బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టడం వేరు. ఎదుటివారి నగ్న చిత్రాలు అనుమతి లేకుండా పంపితే ఐటీ చట్టం 66ఈ కింద మూడేళ్ల దాకా జైలు. పైగా ఆ ఫోటోల్లో ఇంకో మనిషి కూడా ఉంటాడు. అతనికి మీ పెళ్లితో ఏ ఒప్పందమూ లేదు. అతని ఇంట్లో కూడా ఒక భార్య ఉండవచ్చు.

హిందూ వివాహ చట్టం కేసులు మూసిన గదిలో నడుస్తాయి. కోర్టు అనుమతి లేకుండా వివరాలు అచ్చు వేయకూడదు. వేస్తే జరిమానా వెయ్యి రూపాయల వరకు, అంటే ఇప్పుడు ఒక మంచి భోజనం ఖరీదు. గది మూసినా వరండా మూయరు. బంట్రోతు బయటికి వచ్చి రెండు పేర్లూ గట్టిగా పిలుస్తాడు, పక్క ఊరివాళ్లు తల తిప్పి చూస్తారు. వాయిదాలు ఎన్ని తక్కువైతే ఆ పిలుపులు అన్ని తక్కువ.

జుడీషియల్ సెపరేషన్

దీని గురించి పెద్దగా చెప్పేది లేదు. విడిగా ఉండటానికి కోర్టు అనుమతి, పెళ్లి మాత్రం అలాగే ఉంటుంది. కారణాలు విడాకులవే, రుజువు బరువూ అదే. డిక్రీ తర్వాత ఏడాది కలవకపోతే ఎవరైనా విడాకులు అడగవచ్చు. ‘విడాకులు’ అనే మాటనే భరించలేని ఇళ్లకు, ఇంకా మనసు తేల్చుకోలేనివాళ్లకు తప్ప నేను చెప్పను.

విడిపోకుండా ఉండటం

అనంతపురంలో నాకు తెలిసిన ఒక టీచరమ్మ ఈ దారిలో ఉన్నారు. పన్నెండేళ్ల కాపురం, ఇద్దరు పిల్లలు. భర్త చెప్పాక ఏడాది ఏడ్చి, చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఒకే ఇల్లు, వేరే గదులు, పిల్లల ఫీజు అతనిది, ఆమె జీతం ఆమెది, అబద్ధం ఉండకూడదు. “ఆయన మంచి తండ్రి. నాకు మంచి మొగుడు దొరకలేదు, ఈ ఇంట్లో మంచి స్నేహితుడు ఉన్నాడు” అన్నారు. నేను వాదించలేదు. 2018 సెప్టెంబర్ 6న 377 సెక్షన్ తీర్పుతో ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాకుండా పోయింది. అదే నెల 27న వ్యభిచారం నేరంగా ఉన్న సెక్షన్‌నూ కొట్టేశారు. పోలీసు భయం లేదు.

ఈ దారికి రెండు షరతులు పెడతాను. ఒకటి, ఆ నిర్ణయం ఆమెది కావాలి, అత్తగారిది కాదు. “పిల్లల కోసం సర్దుకో” అని చెప్పేవాళ్లు ఎప్పుడూ సర్దుకోవాల్సిన మనిషి కారు. రెండోది, బయట సంబంధం ఉన్న ఏ దాంపత్యంలోనైనా ఇద్దరూ పరీక్షలు చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, గోప్యం. సమాచారానికి 1097.

మీరు ఎవరైతే ఏది

*కొత్త పెళ్లి, పిల్లలు లేరు, అతనే ఒప్పుకున్నాడు:* పరస్పర అంగీకారం. అతను చెప్పిన ధైర్యాన్ని శిక్షించకండి. చెప్పనివాళ్లతో పదేళ్లు బతికినవాళ్లను అడగండి. కోపం తీర్చుకోవాలనిపిస్తే ముందు అతని తల్లిదండ్రులకు తెలుసా అన్నది కనుక్కోండి. చాలా ఇళ్లలో వాళ్లకు తెలుసు, తెలిసే “పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి” అని చేశారు.

*పిల్లలున్న తల్లి:* అయిదేళ్లలోపు పిల్లలు సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలని హిందూ మైనారిటీ, సంరక్షణ చట్టం, 1956 అంటుంది. ఆ పైన పిల్లల మేలే కొలత. తండ్రి గే అన్న ఒక్క కారణంతో పిల్లలను చూడనివ్వనంటే జడ్జి దాన్ని మీకు వ్యతిరేకంగా చూసే అవకాశమే ఎక్కువ. ఒప్పందంలో మీరు మీ భరణం వదులుకోవచ్చు గానీ, పిల్లల పోషణ హక్కును వాళ్ల తరఫున వదులుకోలేరు. ‘ఏమీ వద్దు, విడిపోతే చాలు’ అని రాయకండి.

*భార్య లెస్బియన్ అని తెలిసిన భర్త:* చట్టం మీకూ అదే. మగతనం మీద అనుమానం వస్తుందన్న భయంతో చాలామంది క్రూరత్వం కేసు వేస్తారు. కర్నూలు నుంచి వచ్చినతను అలాగే వేసి, భార్య తరఫు లాయరు తన మీదే నపుంసకత్వం ఆరోపించాక వెనక్కు తగ్గాడు. ఆ అమ్మాయికి పుట్టింట్లో చోటు ఉండకపోవచ్చు, ఉద్యోగం కూడా. ఒకేసారి ఇచ్చే భరణంలో ఆ లెక్క వేసుకోండి.

*చెప్పాల్సిన మనిషి మీరే అయితే:* ఫోను దొరికి తెలిసేదాకా ఆగకండి. మొదట మీ భార్యకు, తర్వాతే ఇంకెవరికైనా. చెప్పేటప్పుడు ‘నీ భవిష్యత్తుకు నేను ఏమి చేస్తాను’ అన్నది సిద్ధం చేసుకుని చెప్పండి. మా మరిది చేయనిది అదొక్కటే. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహాలకు గుర్తింపు ఇవ్వలేదు. విడాకుల తర్వాత ఆమెకు ఇంకో పెళ్లి దొరకవచ్చు, మీకు చట్టంలో అది లేదు. ఈ మాట కోపంలో ఉన్న మామగారికి ఎవరైనా చెబితే బాగుండును. మనసు బరువెక్కితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు రాత్రయినా ఫోను చేయండి.

*ముస్లిం, క్రైస్తవ కుటుంబాలు:* ముస్లిం మహిళలకు ఖులా (భార్య అడిగి తీసుకునే విడాకులు), ఇద్దరూ ఒప్పుకుంటే ముబారాత్, లేదా ముస్లిం వివాహాల రద్దు చట్టం, 1939 కింద కోర్టు దారి ఉన్నాయి. మూడు తలాఖ్‌లు ఒకేసారి చెప్పడం 2017 సుప్రీంకోర్టు తీర్పు నుంచే చెల్లదు, 2019 నుంచి అది నేరం కూడా. క్రైస్తవుల పరస్పర విడాకులకు విడాకుల చట్టం 10ఎ సెక్షన్‌లో విడిగా ఉండాల్సిన కాలం రెండేళ్లు అని ఉంది. రిజిస్టరు పెళ్లి అయితే ప్రత్యేక వివాహ చట్టం, 1954లో 28వ సెక్షన్, హిందూ చట్టంలో ఉన్నట్టే.

ఏ ఊళ్లో వేయాలి, సంచిలో ఏమి ఉండాలి

అబ్బాయి బెంగళూరులో, అమ్మాయి పుట్టిల్లు కడపలోనో, కర్నూలులోనో ఉండటం మన వైపు మామూలే. పెళ్లి జరిగిన చోట, చివరిగా కలిసి ఉన్న చోట, ఎదుటివారు ఉన్న చోట వేయవచ్చు. భార్య వేస్తే తను ఉంటున్న చోట కూడా వేయవచ్చు. అతను బెంగళూరులో, మీరు అనంతపురంలో పోటీగా వేసుకుంటే, రెండూ వేరే రాష్ట్రాలు కాబట్టి ఒక చోటికి మార్పించుకోవడానికి ఢిల్లీలో సుప్రీంకోర్టు తలుపు తట్టాలి. 

భరణం అడిగే కేసుల్లో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌గా ఇవ్వాలని 2020లో రజ్నీష్, నేహా తీర్పు చెప్పింది. జీతం స్లిప్పులు, బ్యాంకు లెక్కలు ఆ నమూనా ప్రకారం తీసి పెట్టుకోండి.

స్త్రీధనం జాబితా మొదటి వారంలోనే రాయండి. మేము కోపం చల్లారాక, ఏడాది తర్వాత, మా అమ్మ జ్ఞాపకం మీద ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాశాం. ఇత్తడి బిందెలు రెండు, కంచు చెంబు, గ్రైండరు, మంచం, పట్టుచీరలు, అలా అరవై ఎనిమిది. అన్నీ మినీ లారీలో తిరిగి వచ్చాయి, ఒక వెండి కుంకుమభరిణె తప్ప. దాని కోసం సంతకాలు మూడు వారాలు ఆగాయి. చివరికి అతని తల్లి బీరువా సర్దుతుంటే చీరల మడతల్లో దొరికిందట. ఆవిడే తెచ్చి మా చెల్లెలి చేతిలో పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయారు.

లాయరు ఫీజు భయపడేవాళ్లు మీ జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు. కేసు వేయకముందే మధ్యవర్తిత్వానికి కూర్చోబెడతారు. ఫోను 15100. వెళ్లేటప్పుడు ఆధార్లు, పెళ్లి ఫోటోలు రెండు, రిజిస్ట్రేషన్ పత్రం ఉంటే అది, పెళ్లి శుభలేఖ ఒకటి తీసుకెళ్లండి. పెళ్లి జరిగిందనడానికి శుభలేఖ పనికొస్తుందని మాకు తెలియదు. ఆ ఆదివారం సాయంత్రమే మా నాన్న మిగిలిన శుభలేఖలన్నీ పెరట్లో పొయ్యిలో వేశారు. కోర్టులో ఇచ్చింది ప్రొద్దుటూరులో మా పెద్దమ్మ పాల లెక్కల పుస్తకంలో గుర్తు కోసం పెట్టుకున్నది, నాలుగు మూలలా పసుపు ఇంకా అలాగే ఉంది.